తీగ పోచమ్మకు మూడు బిందెలు

మా అమ్మకు ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడి చెవి కూడా ఈ ఏడాది దాటదనీ జగిత్యాల చెవుల డాక్టరు చెప్పాడు. మిషను పెట్టి చూశాడు. పెట్టుకోగానే అమ్మ ముఖం చిట్లించి, లోపల ఈగలు తిరుగుతున్నట్టుందని తీసి నా చేతిలో పెట్టింది. ఏవైనా వినాలని ఉంటే ఇప్పుడే వినేయమ్మా అని డాక్టరు నవ్వుతూ గట్టిగా అన్నాడు. మనవల మాటలో, దేవుడి పాటలో అనుకుని ఉంటాడు పాపం. అమ్మ నవ్వలేదు. కొంగు సర్దుకుని లేచింది.

సిరిసిల్ల బస్సులో కూర్చున్నాక నోరు విప్పింది. చెవులు పోయినవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. బస్సంతా విన్నది.

"గా దినం మీ నాయిన వార్త తారాఫీసుకు అచ్చింది సూడు. గా మిషిని సప్పుడు ఒక్కసారి ఇనాలె బిడ్డ. నేను కిటికీ బయటనే ఉన్న. ఇనలే."

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. నేను చూసిన చూపుకు మళ్ళీ తిరగలేదు. నాకు ముక్కు మీద కోపమని సిరిసిల్లలో అందరికీ తెలుసు. మరమగ్గాల మోటార్లకు కాయిళ్ళు చుట్టడం నా పని. మా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఇప్పుడు ఆయనకన్నా నాకే ఎక్కువ గిరాకీ. ఆ అక్క దగ్గరికి పోతే తిట్లు తప్పవు గానీ మోటారు మళ్ళీ కాలదు అంటారట నా వెనక. అంటే అననీ.

అమ్మ ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి మాట్లాడటం అదే మొదలు. నేనూ మాట్లాడలేదు. నాకు మాట్లాడే ముఖం లేదు. ఎందుకో చెబుతాను, కానీ ముందు ఆ తారాఫీసు, అంటే టెలిగ్రాఫ్ ఆఫీసు గురించి చెప్పాలి.

మా తాతది కల్లుగీత పని. నాన్న తాళ్ళెక్కడం మానేసి తంతి స్తంభాలెక్కాడు. లైన్‌మన్ ఉద్యోగం, కోరుట్లలో. ఆఫీసువాళ్ళు నిచ్చెనా తోలు బెల్టూ ఇచ్చారు. నాన్న ఆ రెంటినీ గోడకు ఆనించి, తాత తాటిచెట్టెక్కిన మోకునే నడుముకు వేసుకుని ఇనప స్తంభం ఎక్కేవాడు. పైఅధికారి వచ్చిన రోజు మాత్రం బెల్టు కట్టేవాడు, ఆ రోజు ఎక్కడం ఆలస్యమయ్యేది. పైన పింగాణీ గిన్నెలు తుడిచి, తెగిన తీగ కలిపి దిగేవాడు. పగిలిన గిన్నెలు ఇంటికి తెస్తే మేం వాటితో వంటాట ఆడుకునేవాళ్ళం.

జగిత్యాల నుంచి కోరుట్లకు ఒకటే తీగ. మోటారు పని తెలిసిన ఎవరికైనా ఇక్కడ అనుమానం వస్తుంది. కరెంటు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ ఉండాలి కదా. తార్లకు ఆ రెండో తీగ నేలే. ఆఫీసు పెరట్లో నిలువెత్తు గుంత తవ్వి, అడుగున రాగి రేకు వేసి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపి పూడ్చారు. రేకు నుంచి ఒక రాగి పట్టీ పైకి వచ్చి, కిటికీలోంచి లోపలి యంత్రానికి పోయేది. పక్కనే నీళ్ళు పోయడానికి ఒక ఇనప గొట్టం. గుంత తడిగా ఉన్నంతసేపే తీగ పలుకుతుంది. ఎండాకాలం నేల ఎండితే లోపల యంత్రం మూగబోతుంది.

నీళ్ళు పోసే పని ఎవరిదని కాగితం మీద రాసి లేదు. కాబట్టి నాన్నది. నాన్న లైను మీద తిరుగుతాడు కాబట్టి అమ్మది. రోజూ తెల్లారి తలస్నానమో మామూలు స్నానమో చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, చేదబావి నుంచి ఒక బిందె తెచ్చి గొట్టంలో పోసేది. ఎండలు ముదిరితే రెండు. గబుక్కున ఒక్కసారి కుమ్మరించకూడదు, నేల తాగేదాకా ఆగి ఆగి పోయాలి. అందుకు ఒక్కో బిందె దగ్గర చాలాసేపు నిలబడేది.

చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది? ఒక ఆడమనిషి స్నానం చేసి వచ్చి, నేలలోంచి పొడుచుకొచ్చిన ఒకదాని ముందు నిలబడి, పెదవి విప్పకుండా నీళ్ళు పోస్తోంది. ఎవరో పసుపు పూశారు. ఇంకెవరో బొట్టు పెట్టారు. ఏడాది తిరిగేసరికి గొట్టం ముందు వేపమండలు, కొబ్బరి చిప్పలు. పిల్లలకు జ్వరమొస్తే అక్కడికి తీసుకురావడం మొదలైంది. దానికి తీగ పోచమ్మ అని పేరు కూడా పెట్టేశారు. అమ్మ ఔననలేదు, కాదనలేదు. నాన్న మాత్రం ఇంట్లో పడీ పడీ నవ్వేవాడు.

లోపల యంత్రం ముందు కూర్చునే తార్ మాస్టరుకు మొదట ఒళ్ళు మండిందట. ఉర్దూ మాట్లాడే మనిషి, నిబంధనల మనిషి. సర్కారు సామాను మీద పసుపేమిటని రెండు మూడుసార్లు కడిగించాడు. తర్వాత ఒక సంగతి గమనించాడు. జాతర రోజుల్లో జనం పోసే నీళ్ళకు, కొబ్బరినీళ్ళకు, సాకగా పోసే కల్లుకు లైను ఏడాది మొత్తం మీద ఎన్నడూ పలకనంత బాగా పలుకుతోంది. ఆ పైన నోరు మూసుకున్నాడు.

ఆ మాస్టరు అమ్మను ఒక్కనాడూ లోపలికి రానివ్వలేదు. తార్ గదిలోకి బయటివాళ్ళు రాకూడదని నియమం. అమ్మ నీళ్ళు పోయడం వల్లనే పలికే యంత్రం ఎలా పలుకుతుందో అమ్మ వినలేదు. ఆమెకు దక్కింది కిటికీ సందులోంచి అప్పుడప్పుడు టక్కు టక్కుమనే అలికిడి మాత్రమే. బిందె చప్పుడులో అదీ సరిగా వినపడేది కాదట.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నడి వేసవిలో, వెల్గటూరు దగ్గర గోదావరి వైపు గాలిదుమారానికి స్తంభాలు వంగాయి. చుట్టుపక్కల లైన్‌మన్‌లందరితో పాటు నాన్నా పోయాడు. అక్కడ పైనుంచి పడ్డాడు. ధర్మపురి ఆసుపత్రికి మోసుకుపోయి, అక్కడి నుంచి తార్ కొట్టారు. భర్త పడ్డాడు, సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఆ తార్ కోరుట్లలో దిగినప్పుడు అమ్మ కిటికీ బయట నీళ్ళు పోస్తోంది. నన్ను తీసుకుని బస్సులు మారి పోయింది. నాన్న దీపాలు పెట్టే వేళకు పోయాడు.

మరునాడో, ఆ మరునాడో గుర్తు లేదు. ఇంటి నిండా జనం. నేను ఏడ్చి ఏడ్చి, కోపం పట్టలేక, అమ్మ ముఖం మీదే అరిచాను.

"నువ్వు నీళ్ళు పోయకపోతే గా తార్ అచ్చేదే కాదు!"

తొమ్మిదేళ్ళ పిల్ల బుర్ర అంతే. తార్ రాకపోతే చావు కూడా రాదనుకున్నాను. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అంతే, ఆ తర్వాత ఆ గుంత దగ్గరికి పోలేదు. భర్త పోయినామె పోచమ్మకు నీళ్ళు పోయకూడదు కదా అని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. వేరే ఆమె బిందె అందుకుంది. కొన్నాళ్ళకు మేం మేనమామ దగ్గరికి సిరిసిల్ల వచ్చేశాం. అమ్మ మగ్గాలకు కండెలు చుట్టి నన్ను పెంచింది. నేనన్న మాట అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తప్పయిందమ్మా అని ఉండొచ్చు. అనలేదు. నాకు కోపం వచ్చినంత తేలిగ్గా ఆ మాట రాదు.

అందుకే బస్సులో ఆమె అడిగినప్పుడే నిశ్చయించుకున్నాను. ఆ యంత్రం ఎక్కడున్నా తేవాలి, ఆ చప్పుడు ఆమె చెవి ఉండగానే వినిపించాలి. తార్లు ఆగిపోయి ఏళ్ళయింది, ఎక్కడ దొరుకుతుందే అని మా ఆయన అన్నాడు. దొరకకపోతే చేస్తాను అన్నాను.

పాత సామాను కొట్లు కాళ్ళరిగేలా తిరిగాను. సిరిసిల్లలో లేదు, వేములవాడలో లేదు. చివరికి మాస్టరు ఇంకా ఉన్నాడని, జగిత్యాల ఖిల్లా దగ్గరి గల్లీలో కొడుకు ఇంట్లో ఉంటున్నాడని తెలిసింది. పోయాను. ఎనభై దాటిన మనిషి, తెల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా. ఫలానా లైన్‌మన్ కూతుర్నని చెప్పగానే కుర్చీలోంచి లేవబోయాడు. కోడలు చాయ్ తెచ్చింది. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా లాగించి మూత తీశాడు. చెక్క పీట మీద టక్కు టక్కుమని పలికే ఇత్తడి సౌండరు, పక్కన వార్త కొట్టే కీ. ఆఫీసు సామాను వేలం వేసినప్పుడు కొనుక్కున్నాడట. సౌండరు కాయిళ్ళు రెండూ ఎప్పుడో పిడుగుకు కాలి నల్లబడ్డాయి.

కాయిళ్ళు నేను చుడతాను, మీరు కోరుట్లకు వచ్చి ఆ రోజు తార్ మళ్ళీ ఒకసారి కొట్టండి అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. తార్‌లో ఏముందో బయటికి చెప్పకూడదు, అది రహస్యం, మేం ప్రమాణం చేశాం అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసే లేదు, తీగే లేదు, ఇంకా ప్రమాణమట. తార్ ఎవరి పేరున వచ్చిందో వాళ్ళకు చెప్పొచ్చా లేదా అని అడిగాను. చెప్పొచ్చు అన్నాడు. ఆ తార్ మీద ఎవరి పేరుంది అన్నాను. మాస్టరు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆ రోజు పొద్దున్నే జగిత్యాలవాళ్ళు పిలుస్తున్నారట, ఇక్కడ సౌండరు వణుకుతోందే గానీ పలకడం లేదు. గుంత ఎండింది. ఆయన కిటికీలోంచి కేకేసి నీళ్ళు పొయ్యమన్నాడు. అమ్మ ఒక బిందె పోసింది, పలకలేదు. రెండో బిందె సగంలో ఉండగా లైను తెరుచుకుంది. తెరుచుకోగానే దిగిన మొదటి తార్ అది.

"నేను రాస్తున్న బేటా. మొత్తం రాసేదాక లేవద్దని ఆఫీసు కాయదా. మీ అమ్మ కిటికీ కాడ సగం బిందె పట్టుకోని నిలబడ్డది. లోపటికి సూసి నవ్వుకుంట అడిగింది, 'పలికిందా సారూ' అని. నేను 'పలికింది చెల్లె' అన్న. ఇంకేం అనాలె? చెయ్యి రాస్తనే ఉంది."

ఆయన కన్నీళ్ళు తుడుచుకోలేదు, వాటిని అలాగే కారనిచ్చాడు. ఆ తర్వాత అన్నదే నాకు పనికొచ్చిన మాట. ఆ రోజు అమ్మ నీళ్ళు పోయకపోతే లైను సాయంత్రం దాకా మూగగానే ఉండేది. తార్ రాత్రికి చేరేది. మేం పోయేసరికి నాన్న ఉండేవాడు కాదు. మేం ధర్మపురి చేరినప్పుడు నాన్నకు తెలివి ఉంది. అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. నా జుట్టు నిమిరాడు. అది నాకు బాగా గుర్తు. ఆ గంటసేపు మాకు దక్కింది ఆ రెండు బిందెల వల్ల. ఇన్నేళ్ళు నేను దాన్ని తలకిందులుగా పట్టుకుని ఉన్నాను.

ఆ సాయంత్రం సిరిసిల్లలో అమ్మ కుడి చెవి దగ్గర నోరు పెట్టి ఈ సంగతి మొత్తం గట్టిగా చెప్పాను. నవ్వుకుంటూ ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటి మాత్రం చెప్పకుండా దాచుకున్నాను. నేను ఆ రోజు అన్న మాట తప్పమ్మా అని కూడా చెప్పాను. ఇరుగుపొరుగు అందరూ విన్నారు, వింటే విననీ. అమ్మ అంతా విని, కాయిల్ ఎప్పటికి అవుతుందని అడిగింది.

కాయిల్ దగ్గర నా పరువు పోయింది. ముప్పై ఏళ్ళుగా చుడుతున్న చెయ్యి కదా అని, మోటారుకు వేసే లావు తీగ తీసుకుని, నీటుగా వరసలు పేర్చి చుట్టేశాను. బల్ల మీద బ్యాటరీ పెట్టి కీ నొక్కితే టక్కుమని కొట్టింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. పెరట్లో అటొక కడ్డీ ఇటొక కడ్డీ పాతి, మధ్యలో నేలను పెట్టి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కడ్డీల దగ్గర నీళ్ళు పోసినా లేదు. బ్యాటరీ మార్చాను, కడ్డీలు మార్చాను. తల ప్రాణం తోకకు వచ్చింది. అంతా పక్కన పడేసి మాస్టరుకు ఫోను చేశాను.

ఆయన నవ్వాడు. మొదట్లో ఈ యంత్రం చేసినవాళ్ళకూ ఇదే జరిగిందట. గదిలో పనిచేసింది, గది దాటితే మూగబోయింది. దూరం నుంచి వచ్చే కరెంటు చాలా సన్నగా వస్తుంది, దాన్ని పట్టాలంటే సన్నటి తీగతో బోలెడన్ని చుట్లుండాలి, బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి కలపాలి. అది తెలియడానికి వాళ్ళకు ఏళ్ళు పట్టిందట, నాకు వారం పట్టిందని మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు నాకేమీ నచ్చలేదు. రెండు కాయిళ్ళూ కోసి పారేసి, వెంట్రుకంత తీగ తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. సన్న తీగ నాలుగుసార్లు తెగింది. తెగినప్పుడల్లా మొదటి నుంచి చుట్టాను. అతుకు పెట్టిన కాయిల్ నా దుకాణం గడప దాటదు.

ఆ రోజుల్లో పొద్దునో సాయంత్రమో మాస్టరు ఫోను చేసేవాడు. కాయిల్ సంగతి అడిగి పాత సంగతుల్లో పడిపోయేవాడు. తొలిరోజుల్లో తీగకు నూలు చుట్టి నేలలో పాతారట, తడికి పాడైపోతే స్తంభాల మీదికి ఎత్తారట. మన దేశంలో వెదురుబొంగుల మీదా, తాటి మొద్దుల మీదా తీగ లాగిన చోట్లున్నాయట. ఆ లెక్కన నాన్నకన్నా ముందే మా తాత చెట్టు ఈ పనిలో చేరిందన్నమాట. రెండో తీగ అక్కర్లేదు, నేలే చాలు అని ఎవరో కనిపెట్టేసరికి సగం ఖర్చు తగ్గిందట. ఇంకొకటి చెప్పాడు. మొదటి యంత్రాలు చప్పుడు కోసం చేసినవి కావు, కాగితం పట్టీ మీద చుక్కలూ గీతలూ వేసేవి. పట్టీ చూసే చదవాలని నియమం. గుమాస్తాలేమో వింటూ వింటూ, పట్టీ చూడకుండానే రాసేయడం మొదలుపెట్టారు. పైవాళ్ళు కోప్పడ్డారు, తప్పులొస్తాయన్నారు. తప్పులు రాలేదు. చివరికి కాగితం తీసేసి చప్పుడునే మిగిల్చారు. నియమం తప్పినవాళ్ళ వల్లనే మా పని పుట్టింది బేటా అన్నాడు నియమాల మాస్టరు. ఆ ప్రమాణం సంగతి ఎత్తిపొడవబోయి మానుకున్నాను, ఎందుకో ఆ రోజు నాకు దయ కలిగింది.

కాయిళ్ళు అయ్యాయి. పెరట్లో నేల మీదుగా పలికింది. అమ్మను పిలిచి ఇక్కడే విను, కోరుట్ల దాకా ఎందుకు, ఎండలు మండిపోతున్నాయి అన్నాను. అమ్మ వచ్చి సౌండరును చూసింది. ఇత్తడి మీద వేలితో రాసింది. నేను కీ నొక్కబోతే కుడి చెవిని అరచేత్తో మూసుకుంది.

"గీడ కాదు. గా జాగల, గా మట్టిలకెల్లే రావాలె."

నాకు ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

కోరుట్లలో పాత ఆఫీసు లేదు, అక్కడ దుకాణాలు లేచాయి. పెరడు ఉన్న చోట మాత్రం చిన్న గుడి మిగిలింది. నాలుగు గోడలు, పైన స్లాబు, నేలంతా తెల్లటి టైల్సు. గొట్టం పై మూతి మూసి, దానికి ఇత్తడి ముఖం బిగించారు. రాగి పట్టీ మాత్రం వెనకవైపు గోడను ఆనుకుని అలాగే ఉంది, దానికీ పసుపే. గుడి చూసుకునే ఆమెకు అరవై ఉంటాయి. అమ్మ తర్వాత బిందె అందుకున్నామె కోడలు. అమ్మ ఎవరో తెలియగానే కుర్చీ వేసింది. నేను తవ్వను, పట్టీకి ఒక తీగ తగిలించుకుంటాను అంతే అని చెప్పి ఒప్పించాను.

రోడ్డుకు అటువైపు జిరాక్స్ దుకాణంలో మాస్టరును కూర్చోబెట్టాను. ఆయన ముందు కీ, కాళ్ళ దగ్గర రెండు ట్రాక్టరు బ్యాటరీలు, దుకాణం పక్కన తడి నేలలో ఒక కడ్డీ. అక్కడి నుంచి దుకాణాల పైకప్పుల మీదుగా గుడి దాకా ఒకటే తీగ. నిచ్చెన నేనే ఎక్కాను. మా ఆయన కింద పట్టుకుని జాగ్రత్త జాగ్రత్త అంటూ నా ప్రాణం తీశాడు. గుడి మెట్టు మీద సౌండరు పెట్టి, ఒక కొస తీగకు, ఒక కొస పట్టీకి కలిపాను. అమ్మ కుర్చీ జరుపుకుని వంగి, కుడి చెవి దానికి దగ్గరగా పెట్టింది. నేను ఫోనులో మాస్టరుకు చెప్పాను.

ఏమీ లేదు.

నొక్కుతున్నా బేటా అంటున్నాడాయన. కొసలు గీకి మళ్ళీ కలిపాను. స్ప్రింగు వదులు చేశాను. సౌండరు వణికింది గానీ కొట్టలేదు. రెండుసార్లు నిచ్చెనెక్కి దిగాను. తీగను తిట్టాను, బ్యాటరీలు అమ్మినవాణ్ణి తిట్టాను, మా ఆయన్ని కారణం లేకుండా తిట్టాను. చెమటకు రవికె తడిసిపోయింది. అమ్మ అలాగే వంగి ఉంది.

అంతలో ఒకామె స్నానం చేసి బిందెతో వచ్చింది. అమ్మవారి ముందు నీళ్ళు పోసి దండం పెట్టుకుని పోయింది. అమ్మ తలెత్తి ఆ నీళ్ళను చూసింది. అవి టైల్సు మీద జారి, గడప పక్కన వేసిన కాలువలో పడి, రోడ్డు మోరీలో కలిశాయి. అమ్మ కళ్ళు ఆ నీళ్ళ వెంటే మోరీ దాకా పోయి తిరిగొచ్చాయి.

"నీళ్ళు లోపటికి పోతలేవు," అంది.

నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. టైల్సు వేసి ఎన్నేళ్ళయిందో, అన్నేళ్ళుగా రోజూ ఎంతమంది పోసినా ఆ రేకుకు ఒక్క చుక్క అందలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం, వెంట్రుకంత తీగ, ట్రాక్టరు బ్యాటరీలు ఉండి కూడా నేల సంగతి నాకు తట్టలేదు. ఒక టైలు లేపాలి అని గుడి ఆమెను అడిగాను. ఆమె తటపటాయించింది. అమ్మవారి గద్దె కదా. అమ్మ కుర్చీలోంచి లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఔననీ కాదనీ అనని మాట అప్పుడు అనేసింది.

"గిది పోచమ్మ కాదు బిడ్డ. తారు గుంత. నీళ్ళు పోసింది నేనే."

నేను తల దించుకున్నాను. ఇక మమ్మల్ని మెట్లు దింపేస్తుందనుకున్నాను. గుడి ఆమె మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఎరుకేనవ్వ. మా అత్త చెప్పింది. ఊరందరి సావులు, పుట్టుకలు గీ మట్టిలకెల్లే అచ్చినయట. పోచమ్మ కాకుంటె మరేంది?"

లోపలికి పోయి తనే గడ్డపార తెచ్చింది. ఇత్తడి ముఖం ముందున్న రెండు టైల్సు లేపాం. కింద మట్టి బూడిదలా ఉంది. గుడి ఆమె నల్లా దగ్గర బిందె నింపుకొచ్చి, కింద పెట్టకుండా నేరుగా అమ్మ చేతులకు అందించింది. ఆ ఊళ్ళో భర్త పోయినామె చేతికి పోచమ్మ బిందె ఇవ్వడం ఎంత మాటో నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. అమ్మ బిందె పట్టుకుని నిలబడిపోయింది. నావైపు చూసింది. తొమ్మిదేళ్ళ పిల్లను చూస్తోందనిపించింది. వంగి ఆమె చెవిలో చెప్పాను.

"పొయ్యి అమ్మా. నువ్వే పొయ్యాలె."

పోసింది. కొంచెం పోసి ఆగింది, నేల తాగేదాకా. మళ్ళీ కొంచెం. ధార ఎటూ చెదరలేదు. మట్టి బుడబుడలాడుతూ తాగేసింది. రెండో బిందెకు అమ్మ పిడికెడు ఉప్పు అడిగింది. పక్క హోటలు నుంచి తెచ్చి వేశాం. మాస్టరును నొక్కుతూనే ఉండమన్నాను. సౌండరు వణుకు పెరిగింది. మూడో బిందె సగంలో ఉండగా టక్కుమంది.

ఒక్కసారి కొట్టి ఆగింది. తర్వాత వరసగా మొదలైంది. గుడి ఆమె రెండు చేతులూ జోడించింది. నేను అమ్మను మెట్టు మీద కూర్చోబెట్టి, కుడి చెవిని సౌండరుకు ఆనించాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. వినపడుతోందా అని అడిగాను. అంత చేసీ ఆలస్యం అయిపోయిందా అనుకున్నాను. అంతలో అమ్మ తల ఎత్తి, నీళ్ళు కారుతున్న కుడి చేతి వేళ్ళు రెండు ఆ చెక్క పీట మీద ఆనించింది. కళ్ళు మూసుకుంది. అక్షరాలు కొన్ని నేర్చుకునే వచ్చాను, ఒక్కొక్కటీ చదివి చెప్పబోయాను. ఎడమ చేత్తో నా నోరు మూసింది.

మాస్టరు మొత్తం కొట్టాడు. ఒక్క అక్షరం వదలలేదు. సీరియస్ దగ్గర అమ్మ పెదవి అదిరింది. ఆమెకు అక్షరాలు రావు, ఎక్కడ ఏ మాట ఉందో తెలియదు. అయినా అక్కడే అదిరింది, నేను చూశాను. చివరి టక్కు పడి ఆగిపోయింది. చెవితో విన్నదో, వేళ్ళతో పట్టుకుందో నేను అడగలేదు. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, నా చెంపల మీద కూడా.

ఫోనులో మాస్టరు గొంతు వచ్చింది. నేను అమ్మ చెవి దగ్గరికి వంగి, ఆయన ఏమడుగుతున్నాడో గట్టిగా చెప్పాను.

"సారు అడుగుతుండు అమ్మా. 'పలికిందా చెల్లె' అంటుండు."

అమ్మ కళ్ళు తెరిచి రోడ్డుకు అటు, జిరాక్స్ దుకాణం వైపు చూసింది. మెట్టు పట్టుకుని లేచి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని నల్లా వైపు నడిచింది.

"పలికింది అని చెప్పు," అంది వెనక్కి తిరగకుండా. "ఆగద్దను. ఇంకో బిందె పోస్త."